దారం మీద వేసిన నింద

ఒక ఆడమనిషికి తన చేతులంటే తనకే భయం పుట్టేలా చేశాను నేను. ఆ బరువు గుండెల మీద పెట్టుకునే తిన్నాను, పడుకున్నాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, మనవళ్ళను ఎత్తుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడ తెలియకుండానే పోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు వద్దు. పేరు రాస్తే మళ్ళీ నన్ను నేను కాపాడుకునే పనిలో పడతాను. నా సంగతి నాకు బాగా తెలుసు.

మలయాలో సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో నేను ఫిట్టరు మేస్త్రిని. అవి ఇంగ్లీషువాళ్ళు కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద సోల్జర్లు, మధ్యలో మేము. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న కూలీల ఇళ్ళ వరసలు, మేము లైన్లనేవాళ్ళం, అన్నీ ఒక్కచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కంచెకి ఇనుప స్తంభాలు కావాలి. స్తంభాలకి తీగ దూర్చే బెజ్జాలు కావాలి. ఆ బెజ్జాలన్నీ వేయాల్సింది మా వర్క్‌షాపులో ఉన్న ఒకే ఒక్క డ్రిల్లు మిషను మీద. దొర పూటపూటకీ వచ్చి, ఎంత అయింది, ఇంకా ఎంత ఉంది అని అడిగి పోయేవాడు.

ఆ మిషను గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు తెలియదు. దానికి సొంత మోటారు లేదు. ఫ్యాక్టరీ ఇంజను నుంచి వచ్చే తోలు బెల్టు దాన్ని తిప్పేది. పైన పక్కపక్కనే రెండు చక్రాలుండేవి. బెల్టు మొదటి చక్రం మీద ఉంటే డ్రిల్లు తిరుగుతుంది. రెండోది ఉత్తినే తిరిగే చక్రం; బెల్టును దాని మీదికి జరిపితే డ్రిల్లు ఆగిపోతుంది. అలా జరపడానికి చేతికందేలా ఒక కర్ర పిడి ఉండేది. ఏదైనా జరిగితే ఆ పిడిని ఒక్క తోపు తోస్తే చాలు. ఆ మిషను దగ్గర నిలబడ్డవాడికి ఉన్న దిక్కు అదొక్కటే.

మా పిడి అరిగిపోయింది. బెల్టు దానంతటదే ఉత్తి చక్రం మీదికి జారిపోయేది. బెజ్జం సగంలో ఉండగా డ్రిల్లు ఆగిపోయేది. మళ్ళీ తోయాలి, మళ్ళీ మొదలెట్టాలి. పిడి విప్పి బాగుచేయడానికి ఒక పూట పని ఆపుతానని దొరను అడగొచ్చు. నోరు రాలేదు. కంచె తీగ వర్క్‌షాపు నిండా పడి ఉంది. అందులో ఒక ముక్క కోసి, పిడి ఇక కదలకుండా గట్టిగా బిగించి కట్టేశాను.

ఆ మిషను మీద పనిచేసేవాడు అప్పలస్వామి. లైన్లలో మా పక్కింటివాడు. వాడి పెళ్ళాం నూకాలుది మా ఇంటిపేరే. అందుకని ఆమె నన్ను అన్నయ్య అనేది, వాడు బావా అనేవాడు. నేను పిడి కట్టింది వాడు మధ్యాహ్నం అన్నానికి వెళ్ళినప్పుడు. వచ్చాక చెప్పాలి. చెప్పలేదు. మర్చిపోయానా? చాలా ఏళ్ళు మర్చిపోయాననే నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. చెబితే వద్దంటాడని ఊరుకున్నాను. వాడు వచ్చేసరికి మిషను తిరుగుతూనే ఉంది, వాడు పనిలో దిగిపోయాడు. ఇక ఎక్కడా ఆగలేదు. దొర వచ్చి స్తంభాల కుప్ప చూసి నా భుజం తట్టాడు. నా ఒళ్ళు పొంగిపోయింది.

అది అమ్మవారి పండగ వారం. మొక్కు ఉన్న ఇంటి ఆడది గుళ్ళో పసుపుకొమ్ము కట్టిన దారం తీసుకుని తన మగడి కుడిచేతికి కంకణం కట్టడం మా లైన్ల ఆచారం. తమిళవాళ్ళు దాన్ని కాప్పు అంటారు. పండగ ముగిసి అమ్మవారిని సాగనంపేదాకా అది విప్పకూడదు. నూకాలు కూతురికి ఆ ఏడాది పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. అందుకే మొక్కు, అందుకే అప్పలస్వామి చేతికి కంకణం. తిరిగే మిషను దగ్గర చేతికి దారం గానీ, మెడలో తుండు గానీ ఉండకూడదని అందరికీ చెప్పేది నేనే. ఆ వారం మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అమ్మవారితో నాకెందుకు?

ఆ సాయంత్రమే, పని ముగిసే వేళ. నేను అవతల సానరాయి దగ్గర డ్రిల్లు మొనలు పదును పెడుతున్నాను. ఇనుమును బిగించి బెజ్జం వేయాలి. హడావిడిలో అందరం చేత్తోనే పట్టుకునేవాళ్ళం. బెజ్జం అవతలికి తేలే క్షణంలో మొన ఇనుమును కొరికి పట్టేస్తుంది. అప్పుడు ఇనుమే డ్రిల్లుతో పాటు తిరుగుతుంది. అలా తిరిగిన స్తంభానికీ, మిషను కంబానికీ మధ్య వాడి కుడిచెయ్యి ఇరుక్కుపోయింది. వాడు ఎడంచేత్తో పిడి తోశాడు. నేను కళ్ళారా చూశాను. తోశాడు, మళ్ళీ తోశాడు. పిడి కదలలేదు. నేను పరుగెత్తి, నడుముకున్న కటింగ్ ప్లయరు తీసి ఆ తీగ కోసి పిడి తోసేసరికి వాడి అరుపు ఆగిపోయింది. మిగతావాళ్ళు లారీ కోసం, దొర కోసం పరుగెత్తారు. వాణ్ణి కింద పడుకోబెట్టి నేనొక్కణ్ణే మిగిలాను.

ఇక్కడిదాకా జరిగింది తప్పే. కానీ అలాంటి తప్పు ఎవరైనా చేస్తారు అని మీరు అనవచ్చు. దయచేసి అనకండి. తర్వాతది వినండి.

వాడి వేళ్ళూ అరచెయ్యీ నలిగిపోయాయి గానీ మణికట్టుకు ఏమీ కాలేదు. కంకణం దాని మీద కట్టింది కట్టినట్టే ఉంది. పసుపుకొమ్ము కూడా ఊడలేదు. నేను తీగ ముక్కల్ని జేబులో వేసుకున్నాను. తర్వాత అదే ప్లయరుతో కంకణం కోశాను. కోసి, డ్రిల్లు మొనకి చుట్టాను. ఒక చుట్టు కాదు, పట్టి లాగినట్టు కనిపించేలా బాగా చుట్టాను. నా చేతులు వణకలేదు. అన్నిటికన్నా నాకు సిగ్గనిపించేది అదే. చక్కగా, ఫిట్టరు పని చేసినట్టు చేశాను. వాడి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చూశాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

దొర వచ్చాడు. దారం చూశాడు. నా వంక చూశాడు. దారం పట్టేసిందయ్యా అన్నాను. అంతే, తేలిపోయింది.

ఎందుకు చేశాను? ఆ రోజుల్లో కంచె పనికి అడ్డుపడ్డవాణ్ణి, మిషను పాడుచేసినవాణ్ణి అడవివాళ్ళ మనిషని పట్టుకుపోయేవారు. విచారణ లేకుండా జైల్లో కూర్చోబెట్టేవారు, ఓడెక్కించి ఇండియాకి పంపేసేవారు. నేను ఇండియా మొహమే ఎరగను. ఆ భయం నిజమే. కానీ కంకణం కోసేటప్పుడు ఆ భయం నాకు గుర్తుందా? లేదనే అనుకుంటాను. అప్పుడు నాకు గుర్తున్నది భుజం తట్టిన దొర చెయ్యి. ఓడ భయం నేను తర్వాత తెచ్చిపెట్టుకున్న సాకు. మంచి సాకే, చాలా ఏళ్ళు పనికొచ్చింది.

అప్పలస్వామికి చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. పిడి తోశాను గానీ కదల్లేదని వాడు ఆస్పత్రిలో అన్నాడట. ఆ నొప్పిలో తోచి ఉండదు, అందలేదేమో అని అందరం అన్నాం. అందరం అంటున్నాను చూశారా? ముందు అన్నది నేను. వినగా వినగా వాడూ అదే నమ్మాడు.

వాడింకా ఆస్పత్రిలో ఉండగానే నూకాలు మా ఇంటికి వచ్చింది. కర్ఫ్యూ వేళ కావస్తోంది. గుమ్మం దిగువనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నియ్యా, ఆ పొద్దు ఆయన ఇప్పీత్తానన్నాడు. మిషను కాడికి దారంతో ఎల్తే బావ తిడతాడన్నాడు. నానే ఒద్దన్నాను. అమ్మోరి దారం ఇప్పీస్తే పిల్లకి మల్లీ జొరమొస్తాదని బయపడ్డాను. నిజిం సెప్పు అన్నియ్యా. దారమే పట్టీసిందా?"

"ఔను సెల్లీ."

"ముడి సరిగ్గా ఎయ్యలేదేటి నాను?"

అక్కడ ఊరుకోవచ్చు. నాకేం తెలుసమ్మా అనవచ్చు. నేనేమన్నానో తెలుసా?

"ముడి బాగానే ఏసినావు గానీ, కొస కొంచెం పొడుగ్గా ఒగ్గీసినట్టున్నావు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది. ఏడవలేదు. తల ఊపి వెళ్ళిపోయింది. ఆ కొస మాట ఎందుకన్నాను? అబద్ధం నమ్మకంగా ఉండాలంటే చిన్న వివరం ఒకటి కావాలి. పని తెలిసినవాణ్ణి కదా.

తర్వాత ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళెవరూ కంకణం కట్టుకోకూడదని దొర ఆజ్ఞ వేశాడు. ఆచారం పోయిందని లైన్లలో పెద్దవాళ్ళు నూకాలునే ఆడిపోసుకున్నారు. అప్పటినుంచి ఆమె ఏ ముడి వేసినా కొస కత్తిరించేసేది. కూతురి జడకి రిబ్బను కట్టినా, టిఫిను డబ్బాకి గుడ్డ కట్టినా, కొసలు మొదలంటా కోసేసేది. ముళ్ళు నిలిచేవి కావు. ఆ పిల్ల జడ ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. లైన్లలో ఆడవాళ్ళు నవ్వేవారు. నేను ఆ పిల్లని చూడకుండా తల తిప్పుకుని నడిచేవాణ్ణి.

అప్పలస్వామిని కంచె గేటు దగ్గర కాపలా పెట్టారు. పొద్దున్నే ఎడంచేత్తో గేటు తీసి, బావా అని నవ్వేవాడు. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన రోజు ఎస్టేటు లారీలో మమ్మల్నందరినీ టౌనుకి తీసుకెళ్ళారు. మైదానంలో జనం చేతులెత్తి మెర్డెకా, మెర్డెకా అని కేకలు. నేనూ చెయ్యెత్తాను. నా పక్కన వాడు ఎడంచెయ్యి ఎత్తాడు. నూకాలు మాత్రం రెండు చేతులూ కొంగులో దాచుకుని నిలబడింది. ఆ రోజు చెప్పాలనిపించింది. ఇక దొరలు పోతారు, నన్నెవరూ ఓడెక్కించరు. ఏ సాకూ మిగల్లేదు. అయినా చెప్పలేదు. కేకల్లో వినపడదులే అనుకున్నాను. నవ్వొస్తోందా మీకు?

తర్వాత బంటింగ్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్ళాను. అన్నీ కరెంటు మిషన్లు. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పే మేస్త్రిని అయ్యాను. చేతికి దారం వద్దు, ఉంగరం వద్దు, గ్లవ్సు వద్దు అని చెప్పేవాణ్ణి. చెప్పి, మా ఎస్టేటులో ఒకడు కంకణంతో చెయ్యి పోగొట్టుకున్నాడని కథ చెప్పేవాణ్ణి. భయపడి అందరూ దారాలు విప్పేవారు. మాట మంచిదే, ఎన్ని చేతులు దక్కాయో అని మురిసిన రోజులు కూడా ఉన్నాయి. కానీ ఆపే మీటను ఎప్పుడూ కట్టేయకండి అన్న ఒక్క మాట మాత్రం నా నోట ఎన్నడూ రాలేదు. ఒకనాడు ఒకడు డ్రిల్లు స్విచ్చి నొక్కిపట్టలేక దాన్ని టేపుతో బిగించేసి పనిచేస్తున్నాడు. వాడి చెంప పగలగొట్టాను. ఇది తప్పని మీరెప్పుడూ చెప్పలేదు కదా మేస్త్రీ అన్నాడు. నిజమే. నేను చెప్పలేదు.

అప్పలస్వామి పోయాడు. నూకాలు తెలుక్ ఇంటాన్‌లో కూతురి దగ్గర ఉంది. చెబుదామని బస్సెక్కి వెళ్ళాను. కాఫీ ఇచ్చింది, పిల్లల సంగతులు అడిగింది. తాగి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ తాగి వచ్చేశాను. అన్నయ్య ఎంత దూరమైనా మర్చిపోకుండా వస్తాడని ఆమె ఇరుగుపొరుగుతో చెప్పుకుంటుందట.

అందుకే రాస్తున్నాను. రాసి ఆమె కూతురి చేతికిస్తే చదివి వినిపిస్తుంది కదా అనుకున్నాను. సగం రాశాక గుర్తొచ్చింది, ఆ కూతురికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. నూకాలు బడి మొహమే చూడలేదు. ఆ ఇంట్లో తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇది నాకు ముందే తెలియదా? తెలిసే తెలుగులో మొదలుపెట్టానా? ఆమెకి చేరకుండా ఉండే చోటు చూసుకుని ఒప్పుకుంటున్నానా? కాదని అనలేను.

కాబట్టి ఇక్కడ ఆమె మాట్లాడే యాసలో, ఆమెకి చెప్పాల్సినట్టే రాస్తాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆమె ముందు చదివితే, ఈ నాలుగు ముక్కలూ చదవండి చాలు.

సెల్లీ, దారం పట్టలేదు. కొస పొడుగ్గా లేదు. నీ కంకణం ఆడి సేతికి కట్టింది కట్టినట్టే ఉంటే నానే కోసీసినాను. సెయ్యి తీసింది నాను కట్టిన తీగ.

క్షమించమని రాయలేదు. ఆ మాట అడిగే మొహం నాకు లేదు. ఇది కాగితం మీద పెట్టాక కాస్త ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.