కథల టీచర్‌కి మాట పోయాక

కథల టీచర్ నిజానికి ఏ పాఠమూ చెప్పేది కాదు. ఆడపిల్లల బడిలో లైబ్రరీ చూసుకునేది. ఊడిన అట్టలకి బంక పూయడం, బీరువాల దుమ్ము దులపడం, "ఇది చదివావా?" అంటూ పిల్లల వెంటపడడం ఆవిడ పని. ఒకసారి ఒక పిల్ల చరిత్ర పుస్తకం పట్టుకొచ్చి, "టీచర్, ఇందులో ఆడవాళ్ళంతా ఎక్కడికెళ్ళారు?" అని అడిగింది. పక్కనున్న పిల్ల, "వంటింట్లో ఉండుంటార్లే" అంది. అందరూ పగలబడి నవ్వారు. టీచర్ కూడా నవ్వింది గానీ, ఆ ప్రశ్న ఆవిణ్ణి వదల్లేదు.

అప్పట్నుంచి సెలవు దొరికితే చాలు, పాత పత్రికలు తిరగేసేది, పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కబుర్లాడేది. చేతికి దొరికిన చిన్న ముక్క చుట్టూ పిల్లల కోసం నవల అల్లేది. సర్వేయరు మొగుడి పేరుమీద పటాలన్నీ తానే గీసిన ఇల్లాలి గురించి ఒకటి రాసింది. జ్వరాల ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికిన మనిషి గురించి ఇంకొకటి.

మూడోది టెలిఫోన్ ఆపరేటరు కథ. ఎప్పుడో వెనకటి తరంలో నది గట్టు తెగి, తెల్లవారేసరికి పల్లపు వీధులు మునిగాయి. అప్పుడు ఎక్స్ఛేంజిలో కూర్చుని, ఫోనున్న ప్రతి ఇంటికీ కలిపి "మేడెక్కండి, సామాన్లు తర్వాత, ముందు మేడెక్కండి" అని చెప్పిన మనిషి ఆవిడ. జనం బతికారు. ఆవిడ బతకలేదు. నది ఒడ్డున పెట్టిన రాతి ఫలకం మీద ఎక్స్ఛేంజి ఆఫీసరు పేరు చెక్కారు. ఆపరేటరు గురించి "సిబ్బందిలో ఒకరు మరణించారు" అన్న ముక్క తప్ప ఇంకేం లేదు.

ఆ ఆపరేటరుతో కలిసి పనిచేసిన ముసలావిడ ఒకరు ఇంకా ఉన్నారని తెలిసి, కథల టీచర్ ఆవిడ దగ్గరికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చింది. ఆఖరి అధ్యాయం ఒక్కటి తప్ప నవలంతా అయిపోయింది. "అదీ నా తలలో రాసేసే ఉందే చిన్నీ. కాగితం మీదికి దించడమే తరువాయి" అంది చెల్లెలితో.

అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు. చెల్లెలు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. అక్క రాసిన పుస్తకం ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. "నేను కుట్టినవి నువ్వు తొడుక్కోవు, నువ్వు రాసినవి నేను చదవను. చెల్లుకి చెల్లు" అనేది.

ఆ వారంలోనే ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ కథల టీచర్ కుప్పకూలిపోయింది. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది. మాట తలకిందులైంది. ఒకటి అనబోతే ఇంకొకటి వచ్చేది. మంచినీళ్ళకి "కిటికీ" అనేది, దుప్పటికి "మామయ్య" అనేది. తప్పన్నది తనకే ముందు తెలిసేది. నాలుక మీదికి వచ్చింది ఆ మాట కాదని మొహమంతా ముడుచుకుపోయేది.

మొదట్లో చెల్లెలు నవ్వించబోయేది. "కిటికీ తాగుతావా? చల్లటిదా, వేడిదా?" అనేది. ఒకటి రెండుసార్లు ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత అక్క నవ్వడం మానేసింది. ఎడమచేత్తో కలం పట్టుకుని గంటల తరబడి కూర్చునేది. కాగితం నిండా గీతలే పడేవి, అక్షరం నిలిచేది కాదు. ఒకరోజు చెల్లెలు వంటింట్లోంచి వచ్చేసరికి, అక్క గోడకి తల కొట్టుకుంటోంది. మెల్లిగా, లెక్కగా, తలుపు తట్టినట్టు కొట్టుకుంటోంది. చెల్లెలు తన చెయ్యి అడ్డం పెట్టింది. అక్క ఆ చెయ్యి మీద కూడా కొట్టుకుంటూనే ఉంది. ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు. చెల్లెలు బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. నోట్లో పెట్టింది పెట్టినట్టే పెదవుల మీద నిలిచిపోయేది.

అలాంటి రోజుల్లో ప్రచురణకర్త పలకరించడానికి వచ్చాడు.

"బాధపడకండమ్మా. చెయ్యి తిరిగిన రచయిత ఒకాయన ఉన్నాడు, ఆఖరి అధ్యాయం ఆయన చేత రాయిద్దాం. పుస్తకం ఆగకూడదు కదా" అన్నాడు చెల్లెలితో.

చెల్లెలికి అది దేవుడిచ్చిన దారిలా తోచింది. పుస్తకం చూస్తే అక్క లేచి కూర్చుంటుందనుకుంది. అక్కనొక్క మాట అడగకుండానే రాతప్రతి ఆయన చేతిలో పెట్టింది.

కొన్నాళ్ళకి అచ్చుకి సిద్ధమైన కాగితాలు వచ్చాయి. చెల్లెలు మిషను దగ్గరి స్టూలు తెచ్చి మంచం పక్కన వేసుకుని, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. అక్క రాసింది చదవడం ఆవిడకి అదే మొదలు. చదువుతూ చదువుతూ కుట్టాల్సిన బట్టల సంగతే మర్చిపోయింది. "అక్కా, ఇంత బాగా రాస్తావని ఒక్కసారైనా చెప్పలేదేం?" అంది. అక్క కళ్ళు మూసుకుని వింటోంది.

ఆఖరి అధ్యాయం వచ్చింది. గదిలోకి నీళ్ళు వచ్చాయి. ఆపరేటరు భయంతో వణికిపోయింది. ఆఫీసరు పడవేసుకొచ్చి, ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళాడు. ఊరంతా ఆయనకి జేజేలు పలికింది.

అక్క కళ్ళు తెరిచింది. ఎడమచేత్తో మంచాన్ని దబదబా బాదుతూ "తలుపు!" అని అరిచింది. "తలుపు! తలుపు!"

నీళ్ళు అడుగుతోందనుకుని చెల్లెలు పరుగున వెళ్ళి గ్లాసుతో తెచ్చింది. అక్క గ్లాసు విసిరికొట్టింది. కాగితాలన్నీ తడిసిపోయాయి. "తలుపు" అంటూ ఈసారి ఏడ్చింది.

చెల్లెలు ఆ తడిలోనే కింద కూర్చుండిపోయింది. "తలుపంటే తలుపేనా?" అని మెల్లిగా అడిగింది.

అక్క ఆవిడ మణికట్టు పట్టుకుని నొక్కింది.

"మన తలుపా? పుస్తకంలో తలుపా?"

రెండో దానికి నొక్కింది.

"మూసుందా? మూసేశారా? ఎవరు మూశారు, ఆఫీసరా?" చెయ్యి కదల్లేదు. "మిగతా ఆపరేటర్లా?" కదల్లేదు. చెల్లెలి గొంతు తగ్గింది. "ఆవిడేనా? లోపల్నుంచి గడియ ఆవిడే వేసుకుందా?"

గోళ్ళు దిగేలా పట్టుకుంది అక్క.

ముసలావిడ చెప్పింది అదన్నమాట. ఖాళీ చెయ్యమని ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. తోటివాళ్ళందర్నీ పైకి పంపేసి, తనని ఎవరూ లాక్కుపోకుండా ఆ ఆపరేటరు గడియ వేసుకుంది. వాళ్ళు మళ్ళీ దిగొచ్చి తలుపు బాదుతుంటే లోపల ఆవిడ ఫోన్లు కలుపుతూనే ఉంది. ఆఫీసరు ఎవర్నీ కాపాడలేదు, అసలు ఆ ఛాయలకే రాలేదు.

ఇదంతా ఒక్కరోజులో తేలలేదు. వెళ్ళి అడుగుదామంటే ఆ ముసలావిడ ఇల్లెక్కడో చెల్లెలికి తెలీదు. చెల్లెలు ప్రశ్న వెనక ప్రశ్న వేసేది, అక్క చెయ్యి నొక్కేది. అలసిపోయి విసుక్కునేది. తప్పుడు ప్రశ్న వేస్తే మొహం గోడవైపు తిప్పుకునేది. మళ్ళీ పొద్దున్నే ఇటు తిరిగేది. ఆ సందట్లో నాలుగు ముద్దలు తినడం మొదలుపెట్టింది. చెల్లెలికి పెద్ద మాటలు రావు. "నీళ్ళు మోకాలు దాటాయి. ఆవిడ కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుంది" అని తనకొచ్చినట్టు రాసి వినిపించేది. అక్క కొన్నిటికి తల అడ్డంగా ఊపేది. కొన్నిటిని ఉండనిచ్చేది.

ఆ అధ్యాయం చదివి ప్రచురణకర్త పెదవి విరిచాడు.

"పిల్లల పుస్తకంలో చావేంటమ్మా? పైగా అట్ట మీద ఆ రచయిత పేరు వేస్తున్నామని ప్రకటన కూడా ఇచ్చేశాం. మీ అక్కగారి పేరు లోపల తప్పకుండా ఉంటుంది."

"లోపలా? ఎక్కడ లోపల?"

"కృతజ్ఞతల్లో."

చెల్లెలు రాతప్రతితో సహా ఆ కాగితాలన్నీ దొంతిగా సర్దుకుంది. "మా అక్క ఇంకా బతికే ఉంది బాబూ. అప్పుడే ఫలకం చెక్కేయకండి" అని లేచి వచ్చేసింది.

ఇంకో ప్రచురణకర్త దొరకలేదు. ఒకరు ఆఖరి అధ్యాయంలో చేతిరాత మారిందన్నారు. ఇంకొకరు రచయిత్రి స్వయంగా వచ్చి మాట్లాడితే చూద్దామన్నారు. ఆ మాట చెప్పిన రోజు కథల టీచర్ పక్కమీంచి లేవలేదు. చివరికి చెల్లెలే అంతా టైపు కొట్టించి, జిరాక్సులు తీయించి, తనే దారంతో కుట్టి బడి లైబ్రరీలో పెట్టింది. పుస్తకమంటే అంతే. అచ్చు కాలేదు, ఇప్పటికీ కాలేదు.

కొత్త లైబ్రేరియన్ ఒక మధ్యాహ్నం ఇద్దర్నీ పిలిచింది. చెల్లెలు ఆఖరి అధ్యాయం చదివింది. కథల టీచర్ చక్రాల కుర్చీలో, పిల్లలకి తన వంకర మూతి కనబడకుండా రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చదవడం అయ్యాక ముందు వరసలో ఒక పిల్ల లేచింది.

"టీచర్, ఆవిడకి భయం వెయ్యలేదా?"

చెల్లెలు నోరు తెరవబోయింది. అక్క రుమాలు తీసేసి, చెల్లెల్ని చెయ్యెత్తి ఆపింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"వేసింది" అంది కథల టీచర్. "చాలా."

ఇంకేదో చెప్పాలని చూసింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆ మాట దొరకలేదు. బడి గంట కొట్టినా పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ఆవిడ ఇంకా వెతుక్కుంటూనే ఉంది.