బోడి కారు, మావయ్య, నేను

మా మావయ్యకు ఒక కారుంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. వయసులో ఉన్నప్పుడు జీడిపప్పు అమ్మకానికి కలకత్తా వెళ్లి, అక్కడ ఒక పాత బంగళా ముందు ఈ ఎర్ర స్పోర్ట్స్ కారును చూసి మనసు పారేసుకున్నాడు. రైల్లో వెళ్లినవాడు కారు తోలుకుంటూ పలాస వచ్చాడు. అప్పటికే అది పాతబండి. పలాస చుట్టూ ఉన్న ఉద్దానం పల్లెల్లో దానికి జనం పెట్టిన పేరు బోడి కారు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక పలాసలోని మా జీడిపప్పు ఫ్యాక్టరీ నా చేతికొచ్చింది. ఆయన ఫ్యాక్టరీ వెనక గదుల్లో ఉంటాడు. కొన్నేళ్ల క్రితం ఆయనకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. మా ఉద్దానం వాళ్ల ఇళ్లలో ఈ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు రోజు విడిచి రోజు డయాలసిస్‌కు వెళ్తాడు. తొలిరోజుల్లో మంచం దిగలేదు. ఆ కాలమంతా కారు షెడ్డులోనే పడి ఉంది. తర్వాత కాస్త కోలుకుని మళ్లీ స్టార్ట్ చేస్తే, అడుగు నుంచి ఆయిల్ కారడం మొదలైంది. ముందు చుక్కలు, తర్వాత ధార.

ఒకరోజు పప్పు ఒలిచే ఆవిడ బుట్టతో అటుగా వస్తూ ఆ ఆయిల్ మీద కాలు జారి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ నాకు చెమటలు పట్టాయి. పాత కార్లు కొనే ఒకాయనను విశాఖపట్నం నుంచి పిలిపించాను. ఆయన వంగి కారు అడుగు చూసి నవ్వాడు.

"అమ్మా, ఇది కారు కాదు, నూనె గానుగ" అన్నాడు.

మావయ్య ముఖం ఎర్రబడింది. వచ్చినాయనను మర్యాదగానే గేటు దాకా సాగనంపి, తిరిగొచ్చి నా మీద పడ్డాడు.

"కారుతందని అమ్మేత్తావేటే? ముందు ఎక్కడ కారుతందో సూడొద్దా?"

"ఎవరు చూస్తారు మావా? నువ్వా? ఆ చేత్తో బరువు ఎత్తొద్దన్నారు కదా."

డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతిని ఆయన ఒకసారి చూసుకున్నాడు. "నాను సెప్తాను. నువ్వు సెయ్యి. అంతే" అన్నాడు.

స్పానర్ పట్టుకోవడం కూడా రాని నేను ఎందుకు సరేనన్నానో నాకిప్పటికీ తెలియదు. ఎన్నాళ్ల తర్వాతో ఆయన గొంతులో కోపం విన్నాను. అది చాలనిపించి ఉంటుంది.

మర్నాడు ఆస్పత్రి లేదు. నాలుగు ఇటుకలు, నాలుగు దుంగలు పెట్టి, మా లారీ డ్రైవరు సాయంతో కారును షెడ్డు బయటికి తోసి, ముందు భాగం ఎత్తి నిలబెట్టాం. కింద గోనెసంచులు పరుచుకుని నేను దూరాను. మావయ్య పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కిరసనాయిలు, పాత బ్రష్షుతో ఇంజను అంతా కడిగించాడు. ఆరాక పౌడరు డబ్బా తెమ్మన్నాడు.

"ముఖానికేసుకునేదా?"

"అదే. ఇంజనంతా సల్లు. బండి స్టార్ట్ సెయ్యి. ఎక్కడ తడిత్తే అక్కడ నుంచి కారుతన్నట్టు."

తెల్లగా పౌడరు పూసుకున్న ఆ ఇంజను పెళ్లికి తయారైనట్టుంది. పని చేసుకుంటున్న ఆడవాళ్లంతా వచ్చి చూసి నవ్వారు. ఇంజను తిరగడం మొదలెట్టాక కాసేపటికే తెలుపులో నల్లటి మరకలు తేలాయి. పైనున్న ట్యాపెట్ కవరు అంచున ఒకటి, అడుగున ఆయిల్ నిలిచే చాంబరు చుట్టూ మరొకటి, ఆయిల్ దింపే బోల్టు దగ్గర ఇంకొకటి.

ఆ మూడు చోట్లా అతుకుల మధ్య ఉండే ప్యాకింగులు మార్చడానికి చాలా రోజులు పట్టింది. ఆ కారుకు సరిపోయేవి బజారులో దొరకవు. కార్క్ షీటు తెచ్చి, కవరు అంచు మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంబడి మెల్లగా కొడుతూ వెళ్తే ఆకారం దానంతటదే తెగి వస్తుంది. ఆ పని మావయ్య తన కుడిచేత్తో తానే చేశాడు. మొదటిది పాడైంది. రెండోది నాకు చూపించి, "అప్పడం లాగ లేదేటే!" అని మురిసిపోయాడు. బోల్టు కింద ఉండే రాగి వాషరును మా వంటింటి గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. అలా చేస్తే రాగి మెత్తబడి బాగా పట్టేస్తుందట. నేను చాంబరు విప్పేటప్పుడు లోపల మిగిలిన ఆయిల్ నా ముఖం మీద పడింది. ఆ రోజు నన్ను చూసి ఆయన నవ్విన నవ్వుకు దగ్గు వచ్చింది. నీళ్లు కొలిచి తాగాలన్న డాక్టర్ల మాటకు, ఆస్పత్రిలో గుక్కెడు నీళ్లకు కూడా లెక్క చెప్పే మనిషి, ఎండలో కూర్చుని దాహం మాటే ఎత్తలేదు.

అంతా బిగించి, కొత్త ఆయిల్ పోసి, మళ్లీ పౌడరు చల్లి స్టార్ట్ చేశాం. ఇద్దరం ఊపిరి బిగపట్టి చూశాం. కాసేపు బాగానే ఉంది. తర్వాత అదే ట్యాపెట్ కవరు, అదే చాంబరు. ఆయిల్ మళ్లీ బయటికొచ్చింది.

మావయ్య లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి డయాలసిస్‌లో బీపీ పడిపోయి అందరినీ కంగారు పెట్టాడు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుని, "ఆ గానుగాయన్ని పిలు. ఇచ్చేద్దాం" అన్నాడు.

నేను పిలవలేదు. ఆయన ఆస్పత్రిలో ఉన్న ఒక ఉదయం, ఒక్కదాన్నే షెడ్డు తెరిచి కారు స్టార్ట్ చేశాను. ఏం వెతకాలో తెలియదు. ఆయిల్ ఎంత ఉందో చూద్దామని, ఇంజను తిరుగుతుండగానే ఆయిల్ పోసే పైమూత తిప్పాను. బుస్సుమని గాలి తన్నింది. మూత చేతిలోంచి ఎగిరిపోబోయింది. మళ్లీ బిగించి మళ్లీ తీశాను. మళ్లీ బుస్సు. అది ఫోనులో వీడియో తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను.

మావయ్య మెషీనుకు కట్టేసి ఉన్నాడు. వీడియో పెట్టి ఫోను చెవి దగ్గరగా పట్టుకున్నాను. రెండోసారి వినేసరికి తల ఎత్తాడు. పక్క మంచం మీద ఉన్నాయనది కవిటి వైపు పల్లె, కొబ్బరితోట రైతు. ఆయన కూడా మెడ సాచి విన్నాడు.

"మా మోటారింజనూ ఓపాలి ఇలగే బుసకొట్టీది" అన్నాడు ఆ రైతు. "లోన గాలికి దారి నేక."

మావయ్య కళ్లు పెద్దవయ్యాయి. "అదే బావా! బ్రీదరు!" ఆ రైతు ఆయనకు ఏ వరసా కాదు. ఆ పూట నుంచి బావ అయ్యాడు. తర్వాత నాకేసి తిరిగి, "ఏమే, ఇంజను పక్కన సన్న పైపొకటుంటాది. లోపలి గాలి బయటికెల్లే దారి. అది మూసుకుపోతే గాలి ఎటెల్తాది? ఆయిల్ని తోసుకుంటా అతుకులన్నింట్లోంచీ వత్తాది. బేగెల్లి ఊడదీసి సూడు!" అన్నాడు.

నర్సు వచ్చి, "తాతగారూ, కదలకండి" అని కసిరింది. ఆయన కదలడం ఆపాడు గానీ నవ్వడం ఆపలేదు.

ఇంటికొచ్చి ఆ పైపు ఊడదీశాను. లోపల చూస్తే చీకటి. ఇనుప చువ్వతో పొడిస్తే ఎండుమట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. కందిరీగ గూడు! మావయ్య మంచాన పడ్డ రోజుల్లో ఏ కందిరీగో ఆ పైపులో తీరిగ్గా ఇల్లు కట్టుకుంది. మట్టిని అరచేతిలో పోసుకుని ఫోటో తీసి పంపాను. వెంటనే ఫోను మోగింది. అవతల ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. వార్డంతా ఈ కారు కథలో పడిపోయినట్టుంది.

పైపు కడిగి బిగించాక, మావయ్య ఎదురుగానే చివరిసారి పౌడరు చల్లాం. ఈసారి పైమూత తీస్తే బుస్సు లేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, పౌడరు తెల్లగా ఉంది. ఇంజను వెనకవైపు మాత్రం ఒక్క చుక్క మెల్లగా ఊరి, వేలాడి, పడింది.

"ఇంకా కారుతోంది మావా" అన్నాను దిగులుగా.

"అక్కడ ఈ ఇంజనుకి సీలే నేదే. కొత్తలో కూడా అంతే. ఆ సుక్క దాని నైజం, ఒగ్గీ" అన్నాడు. ఆ చుక్కను అలాగే వదిలేసి, కింద ఒక రేకు పళ్లెం పెట్టాం.

ఆ ఆదివారం సముద్రానికి బయల్దేరాం. ముందు ఆయన తోలతానన్నాడు, తర్వాత ఏమనుకున్నాడో తాళం నాకిచ్చాడు. పలాస దాటి ఉద్దానం దారి పట్టగానే రెండు వైపులా జీడితోటల పూత వాసన ముఖానికి కొట్టింది. కప్పు లేదు కదా. పల్లెల్లో జనం అరుగుల మీంచి లేచి నిలబడ్డారు. "బోడి కారొచ్చిందిరో!" అని ఒక పెద్దాయన కేకేస్తే మావయ్య సీట్లో సగం లేచి చెయ్యి ఊపాడు. ఎడమచెయ్యి. పొట్టిచేతుల చొక్కా వేసుకున్నాడు. ఆ చేతి మీది ఉబ్బిన నరాన్ని దాచుకోకపోవడం నేను చూడటం అదే మొదలు.

దారిలో ఆ కొబ్బరితోట రైతు ఇంటి ముందు ఆగాం. ఆయన కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తించుకుని చూసి, "ఏటి బావా, నన్నెక్కించుకోవా?" అన్నాడు.

"ఎక్కు. రెండు సీట్లే. పిల్ల దిగుతాది."

యాభై దాటిన పిల్లను నేను. దిగి కొబ్బరిచెట్ల నీడలో నిలబడ్డాను. మావయ్య స్టీరింగు ముందు కూర్చుని, గేరు ఒకసారి తడుముకుని, మెల్లగా ఇసుకదారి మీదికి తోలాడు. ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి మాట ఒకరు వినకుండా గట్టిగా మాట్లాడుకుంటూ సముద్రం వైపు మలుపు తిరిగారు. రైతుగారి భార్య నాకు కొబ్బరిబొండం కొట్టి ఇచ్చి, "ఎంతసేపటికొత్తారమ్మా?" అని అడిగింది.

"ఇప్పుడిప్పుడే రారండి" అన్నాను.