నేను కనిపెట్టిన ఎర్రతోక బల్లి

బల్లి మన మీద పడితే ఏ ఫలమో పంచాంగంలో రాసి ఉంటుంది. మనమే వెళ్ళి బల్లి మీద పడితే ఏమవుతుందో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చడానికే నేను పుట్టినట్టున్నాను. చదవండి. నవ్వడం అయ్యాక, వీలుంటే, కాస్త జాలి కూడా పడండి.

అప్పుడు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా ల్యాబ్ పనంతా కరీబియన్ దీవుల మరుగుజ్జు బల్లులతో. అగ్గిపుల్లంత ఉంటాయి. ఒక జాతికీ దాని చెల్లెలి వరస జాతికీ తేడా తెలియాలంటే మైక్రోస్కోప్ కింద వీపు మీది పొలుసులు లెక్కపెట్టాలి, అవి నున్నగా ఉన్నాయా గరుకుగా ఉన్నాయా చూడాలి. నాకు రెండో వరసకే కళ్ళు తిరిగేవి. నాతో చదివే పాతబస్తీ ఇమ్రాన్ మాత్రం కందిపప్పులో రాళ్ళేరినట్టు టకటకా ఏరి పక్కన పెట్టేసేవాడు. మా గైడ్ ఫ్రావ్ కెల్లర్ మేడమ్ "జూపర్, ఇమ్రాన్!" అని జర్మన్ యాసలో సూపర్ అన్నప్పుడల్లా నా కడుపులో ఎండుమిర్చి పోపు చిటపటలాడేది. పైగా వేసవిలో ఆవిడతో ఆ దీవులకు వెళ్ళడానికి ఒక్కరికే చోటుంది. అది నాకు కావాలి. నాకే కావాలి!

అలాంటి రోజుల్లో ఎవరో పెంపకందారు మా ల్యాబుకి బతికున్న బల్లుల్ని పంపాడు. గాజుపెట్టెలో అన్నీ బూడిదరంగు మీద తెల్లచుక్కలవే. వాటి మధ్య ఒక్కటి, చిన్నది, ఒంటినిండా నల్లపట్టీలు, ఎర్రటి తోక!

"ఇమ్రాన్, ఇది వేరే జాతి! కొత్తది!"

"ఆగక్కా. రంగు జూసి చెప్పొద్దు, పొలుసులు జూడు. లేకుంటే కొన్నిరోజులు పెరగనియ్."

"వీటిల్లో పెద్దవే ఇంతుంటాయి. ఇంకేం పెరుగుద్ది?"

"నీ మంచికే చెప్తున్న."

నా మంచికట! వీడికి కుళ్ళు అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. పచ్చకామెర్లు ఎవరికో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, నాకింకా తెలియలేదు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. నేను పట్టిన బల్లిది కొత్త జాతే. మేడమ్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, బల్లికి మా అమ్మ పేరు ఖాయం చేసి బాపట్లకి ఫోన్ కూడా కొట్టేశాను.

"అమ్మా, నీ పేరు సైన్సులో నిలిచిపోద్దే!"

"దేనికి పెడతావే?"

"బల్లికి."

"నా పేరు బల్లికా? మీ మేనత్త పేరు పెట్టవే, బాగా నప్పుద్ది."

మేడమ్ అంతా విని, "విడిగా పెట్టి కొన్నాళ్ళు చూస్తూ ఉండు" అన్నారు. ఆవిడ నవ్వుని నేను మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను. ఎర్రతోకని వేరే పెట్టెలోకి మార్చి, ఇమ్రాన్ భయానికి దానికో బుల్లి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకున్నాను.

క్రిస్మస్ వెళ్ళింది. చూస్తే పట్టీలు వెలిసినట్టున్నాయి. లైటు మార్చాను. ఇంకొన్నాళ్ళకి తోకలో ఎరుపు తగ్గింది. కళ్ళజోడు మార్చాను. చలి తగ్గేసరికి నా పెట్టెలో తెల్లచుక్కల బూడిద బల్లి ఒకటి తాపీగా కూర్చుని నన్నే చూస్తోంది.

నా ఒళ్ళు మండిపోయింది. ల్యాబ్ మీటింగులో అందరి ముందూ లేచాను.

"ఇమ్రాన్, నా బల్లిని ఏం చేశావ్?"

"నేనేం జేస్తనక్కా?"

"మార్చేశావ్! ఎర్రతోకని మాయం చేసి మామూలుది పెట్టావ్. దీవులకి నేను వెళ్తానని కుళ్ళు నీకు!"

"తాళం నీది. చెవి నీ మెడల్నే ఉంది. నేనేమన్న బల్లినా, గోడ వట్టుకొని వచ్చి మార్చనీకి?"

గొలుసు తడుముకున్నాను. చెవి ఉంది.

మేడమ్ బీరువాలోంచి సీసాలు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చారు. మొదటి సీసాలో నల్లపట్టీల ఎర్రతోక. చివరి సీసాలో తెల్లచుక్కల బూడిద. మధ్యవాటిలో పట్టీలు కొంచెం కొంచెంగా చెరిగిపోతున్నాయి. అన్నిటి మీదా ఒకటే జాతి పేరు.

"సునీతా, నువ్వు చూసింది పిల్లని. అదిప్పుడు పెద్దదైంది, అంతే" అన్నారు ఇంగ్లిష్‌లో, చాలా మెల్లగా.

అందరూ పగలబడి నవ్వారు. ఇమ్రాన్ ఒక్కడే నవ్వలేదు. ఆ మర్యాదకి నాకు ఇంకా మండింది.

అమ్మకి చెప్పి ఏడ్చాను. ఓదారుస్తుందనుకున్నాను, పిచ్చిదాన్ని.

"ఓసి నీ తెలివి తెల్లారా! పిల్ల పెద్దదైతే పట్టుపరికిణీ కట్టి పేరంటం చేస్తారు గానీ, పక్కింటి కుర్రాడి మీద దొంగతనం అంటగడతారటే?"

వేసవిలో ఇమ్రాన్ దీవులకు వెళ్ళాడు. నేను డార్మ్‌స్టాట్‌లో ఉండి బల్లులకి పురుగుల మేత వేశాను. ఒకరోజు వాడి ఫోటో వచ్చింది, వెనక సముద్రం, వాడి మీద పడ్డ బల్లి. ఏ కష్టమో రాసి ఉంటుందని ఆశగా పంచాంగం తెరిచాను. లాభమట!

కనుక డార్మ్‌స్టాట్‌లోని సమస్త బల్లుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట పేరంటం అయ్యేదాకా ఏ పిల్లకీ పేరు పెట్టను. ఇమ్రాన్‌ని చూసి కుళ్ళుకోనని మాత్రం ఒట్టు వేయలేను. ఆ రంగు ఇంకా వెలవలేదు.