అందరిదీ ఆటో ఆయన నంబరే

నేను ప్రోగ్రాములు రాసి బతుకుతాను. జహీరాబాద్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం మీదున్న గదిలో కూర్చుని నగరంలోని ఓ కంపెనీకి పని చేస్తుంటాను. కింద లారీ హారన్ మోగినప్పుడల్లా మీటింగులో నా మైకు ఆపేస్తాను. దీన్నే మా చుట్టాలు "కంప్యూటర్ల పెద్ద నౌకరి" అంటారు. నేనెప్పుడూ కాదని చెప్పలేదు.

తెర మీద కనిపించే రంగులూ బొత్తాలూ వేరేవాళ్ల పని. మీరు బొత్తాం నొక్కాక లోపల జరిగేది నా పని. మీరిచ్చిన వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి, డేటాబేస్‌లో పెట్టాలి, అది వద్దంటే ఎందుకు వద్దందో మీకు మర్యాదగా చెప్పాలి. ఈ చివరి ముక్క మీద నేను కంపెనీలో కొత్తవాళ్లకు పాఠాలు చెబుతుంటాను. ఎర్రర్‌ను ఎప్పుడూ దాచొద్దు అని రెండు గంటలు ఊదరగొట్టి, చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడుగుతాను. ఎవరూ అడగరు. బాగా చెప్పానన్నమాట అనుకుంటాను.

మా దగ్గర రైతులు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం ఒకటుంది. వాళ్లకు రెండు నూర్పిడి మిషన్లున్నాయి. యాసంగి జొన్న కంకులు కోసి కల్లంలో కుప్ప పోసుకున్నాక, మిషన్ వంతుల ప్రకారం ఊరూరికీ పోతుంది. వంతులు రాయడానికి ఒక గుమాస్తా, అట్ట ఊడిపోయిన ఒక పొడుగాటి రిజిస్టరు. ఏళ్ల తరబడి అదే నడిచింది, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. సరిగ్గా అందుకే అధ్యక్షుడికి దాన్ని మార్చాలనిపించింది. నన్ను పిలిచారు. ఊరికే చేసిపెడతానన్నాను. ఊరికే చేసేవాడికి ఉండే పొగరు జీతం తీసుకునేవాడికి ఉండదు.

గుమాస్తా రిజిస్టరు తెచ్చి నా ముందు పరిచాడు. ఝరాసంగం దిక్కు ఊళ్ల పేజీల్లో చాలా పేర్ల పక్కన ఒకటే ఫోన్ నంబరు, దాని పక్కన "ఆటో ఆయన" అని చిన్న అక్షరాలు. నాకు నవ్వొచ్చింది.

"సార్, నంబరు కాడ జర జూడున్రి," అన్నాడు గుమాస్తా. "ఆ దిక్కు ఊరోళ్లంత ఆటో ఆయన నంబరే ఇస్తరు."

"ఈ రోజుల్ల ఫోన్ లేనోళ్లు ఎవరున్నరే?"

"ఫోన్లున్నయ్ సార్. గని నంబరడిగితే ఆయనదే ఇస్తరు."

ఇందులో వింతేమీ లేదని ఇప్పుడు చెప్పగలను. వాళ్ల ఇళ్లలో సిగ్నల్ ఉండదు. సిగ్నల్ ఉన్న చోట రీచార్జ్ ఉండదు. రెండూ ఉన్న ఫోన్ కొడుకు జేబులో పెట్టుకుని పనికి పోతాడు. షేర్ ఆటో ఆయన మాత్రం పొద్దున పట్నానికి వస్తాడు, మధ్యాహ్నం తిరిగిపోతాడు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తుతాడు. సాయంత్రానికి ఆ కబురు గుమ్మం ముందు ఆటో ఆపి మరీ చెప్పిపోతాడు. కాబట్టి బ్యాంకు అడిగినా, దవాఖాన అడిగినా, పెళ్లి సంబంధంవాళ్లు అడిగినా ఊరు ఊరంతా ఆయన నంబరే చెబుతుంది. నా ఫోన్ నంబరు నాకు సరిగా గుర్తుండదు గానీ, ఆయనది అక్కడ చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. అప్పుడు నాకివేవీ తెలియవు. తెలిసినవాడు చెబుతుంటే, చదువుకున్నవాడు నవ్వే నవ్వొకటి ఉంటుంది కదా, అది నవ్వాను.

అధ్యక్షుడికి కావలసింది ఒకటే. "ఒక్కలే రెండు వంతులు రాపిచ్చుకుంటున్నరు. అది బందు గావాలె. ఆధార్ అడుగకు, ఆధార్ అంటె ఎవ్వలు రారు." సరే, ఫోన్ నంబరు పట్టుకుందాం అన్నాను. ఒక నంబరు ఒక్కసారే రావాలని డేటాబేస్‌కు గట్టిగా నియమం పెట్టాను. పేరు ఖాళీగా ఉండకూడదు, నంబరు పదంకెలుండాలి, ఊరు రాయాలి లాంటి చిన్న చిన్న తనిఖీలు ముందే జరిగిపోతాయి. నంబరు ఇదివరకే ఉందా లేదా అన్న తనిఖీని మాత్రం ముందు పెట్టలేదు. పెట్టాలని తెలుసు. బద్ధకం. ఎలాగూ చివర్లో డేటాబేస్ ఒప్పుకోదు కదా అని వదిలేశాను.

చూపించే రోజు అధ్యక్షుడు తన పేరే రాయించుకుని బొత్తాం నొక్కారు. పచ్చ డబ్బాలో "మీ వంతు నమోదైంది" అని వచ్చింది. ఆ ఆనందంలో ఇంకోసారి నొక్కారు. డేటాబేస్ కుదరదంది. అది వద్దన్న మాటను నేను పట్టుకుని తెలుగులో చెప్పలేదు గనక, నేను పునాదిగా వాడుకున్న ఫ్రేమ్‌వర్క్ తనకు తెలిసిన ఇంగ్లీషంతా ఎర్రటి పేజీ నిండా కుమ్మరించింది.

"ఇదేంది, గిట్ల ఎర్రగైంది? రైతులు చూస్తె బెదురుతరు. నాకు ఎర్రది కనిపియ్యొద్దు."

చేయాల్సిన పని నాకు బాగా తెలుసు. వద్దన్నది ఏ నియమం వల్లనో విడదీసి చూడాలి. నంబరు రెండోసారి వచ్చిందా, "ఈ నంబరు మీద ఇప్పటికే ఫలానా పేరుంది, ఇది మీరేనా?" అని అడగాలి. గంట పని. నేను పాఠంలో చెప్పేదీ అదే. కానీ ఆ గంట నా దగ్గర లేదట, ఎందుకంటే నేను పెద్ద నౌకరిలో ఉన్నాను. అయిదు నిమిషాల్లో ఒక పని చేశాను. డేటాబేస్ ఎందుకు వద్దన్నా సరే, తెర మీద మాత్రం పచ్చ డబ్బా వచ్చేలా రాశాను. ఇందులో అబద్ధం లేదని నాకు నేనే తర్కం చెప్పుకున్నాను. వద్దంటే ఇదివరకే ఉన్నట్టు. ఇదివరకే ఉంటే నమోదైనట్టే. ఎంత అందంగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా.

వద్దన్న పేర్లన్నీ లోపల లాగ్ అనే ఫైల్లోకి పోతాయి. లోపల జరిగిన ప్రతిదీ అందులో వరసగా రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు గనక అందులో అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాదు.

కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టారు. నాకు శాలువా కప్పారు. గుమాస్తా రిజిస్టర్‌ను గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టి, మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఎర్రది ఒక్కసారి కూడా కనిపించలేదని అధ్యక్షుడు అందరికీ చెప్పుకున్నారు.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఝరాసంగం దగ్గరి ఊళ్లో ఉంటుంది. రెండెకరాల జొన్న, ఓ ఎకరం కంది. కంకులు కోసే ముందు ఆటోలో పట్నానికొచ్చి సంఘంలో పేరు రాయించుకుంది. అక్కణ్ణుంచి నేరుగా నా గదికి వచ్చింది, కొంగులో పల్లీలు మూటగట్టుకుని.

"పచ్చది వచ్చింది కొడుకా. కండ్లార జూసిన. ఇది మా అక్క కొడుకు జేసిండని ఆడున్నోళ్లందరికి చెప్పిన."

నా ఛాతీ ఉబ్బింది. చాయ్ తెప్పించాను. ఏ నంబరు ఇచ్చావని అడగలేదు. ఆటో ఆయన అంతకు రెండు రోజుల ముందే తన పొలానికి తన నంబరుతో వంతు రాయించుకున్నాడని కూడా నాకు తెలియదు.

మిషన్ ఆ ఊరికి వచ్చింది. ఆటో ఆయన కుప్ప నూర్చింది. సొంత నంబర్లిచ్చిన ఇద్దరివి నూర్చింది. చిన్నమ్మ కల్లం ఊడ్చుకుని, సంచులు విప్పి పెట్టుకుని కూర్చుంటే, మిషన్ డ్రైవరు చేతిలోని జాబితా చూసి పేరు లేదన్నాడు. ఉందని ఈమె, లేదని అతను. మిషన్ చిరాగ్‌పల్లి దిక్కు వెళ్లిపోయింది.

ఆ రోజు చిన్నమ్మ ఆటో ఆయన ఫోన్ నుంచి నాకు చేసింది. నేను మీటింగులో ఉన్నాను. ఎర్రర్లను ఎలా పట్టుకోవాలో ఎవరికో వివరిస్తున్నాననుకుంటాను.

"కొడుకా, మిషనోడు నా పేరు లేదంటుండు."

"పచ్చది వచ్చింది గదా చిన్నమ్మా?"

"వచ్చింది."

"అయితే పేరున్నట్టే. మల్లొస్తది, ఫికర్ చెయ్యకు."

చూడలేదు. జాబితా తెరిచి చూడడానికి పట్టేది అరనిమిషం. ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాత సంగతి ఆటో ఆయన చెప్పగా తెలిసింది. పక్క ఊరికి వేరేవాళ్ల మిషన్ వచ్చిందట. మాతో పాటు నువ్వూ కుప్ప నూర్పించుకో, మబ్బులు పడుతున్నాయి అని చుట్టుపక్కలవాళ్లు చెప్పారట. చిన్నమ్మ వద్దందట. "మా కొడుకు చెప్పిండు, వస్తది," అందట. వాళ్లు నూర్పించుకున్నారు. ఈమె కుప్ప పక్కన కూర్చుని హైవే దిక్కు చూసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం రాళ్లవాన పడింది. నా గది కింద టైర్ల మీద వడగళ్లు ఎగిరెగిరి పడుతుంటే ఫోన్లో వీడియో తీశాను. వాన తగ్గాక ఎందుకో చిన్నమ్మ మాట గుర్తొచ్చింది. అప్పుడు తెరిచాను ఆ లాగ్‌ను. వరసగా పేర్లు. ప్రతి పేరు పక్కన అదే నంబరు, ఆ నంబరు ఇదివరకే ఉందన్న అదే మాట. గుమాస్తా చెప్పింది చెప్పినట్టు అక్షరం పొల్లు పోకుండా రాసి ఉంది. పదకొండు పేర్లు. ఏడోది మా చిన్నమ్మది.

వెంటనే కూర్చుని ఆ గంట పనీ చేశాను. నిజానికి గంట కూడా పట్టలేదు. ఫోన్ నంబరు ఎన్నిసార్లైనా రావచ్చు, పేరూ ఊరూ పొలమూ మూడూ కలిసి రెండోసారి వస్తే మాత్రం ఆపి, ఎందుకు ఆగిందో తెలుగులో చెబుతుంది. గుమాస్తాకు ఫోన్ చేసి పదకొండు పేర్లూ చదివాను. బీరువా మీది రిజిస్టరు దించి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. మర్నాడే మిషన్ పంపించారు, కానీ కుప్పలు అప్పటికే వానలో నానిపోయాయి.

ప్రోగ్రామును బాగుచేయడానికి గంట కూడా పట్టని నాకు, ఆ ఊరు పోవడానికి నెల పట్టింది. పని ఎక్కువుందని అందరికీ చెప్పాను. అది కూడా పచ్చ డబ్బా లాంటిదే. మొహం చెల్లలేదు, అంతే.

చివరికి ఓ ఆదివారం ఆటో ఎక్కాను. ఆటో ఆయన నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన్ని నేను అదే మొదటిసారి చూడడం. దారిలో ఆయనే చెప్పాడు, చిన్నమ్మ ఊళ్లో అందరితో తప్పు తనదే అంటోందని. నంబరు చెప్పుడుల ఏదో గడబిడ చేసిన, మా కొడుకు చేసింది తప్పు గాదు అని.

ఇంటికి పోగానే నిలబడే చెప్పాను. నంబరు గడబిడ ఏమీ లేదని, ఎక్కనిదాన్ని ఎక్కిందని చూపించేలా రాసింది నేనేనని, ఫోన్ చేసిన రోజు చూసి ఉంటే ఇంత జరిగేది కాదని. వింటూ వాకిట్లో కోడిపిల్లలను అదిలించింది.

"తప్పు నీదైతె ఏంది, నాదైతె ఏంది కొడుకా. నల్లగైన జొన్నలు మల్ల తెల్లగైతయా? కాళ్లు కడుక్కో, తిందువు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాను. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

రొట్టెలు చేసింది. నా పళ్లెంలో రెండు వేడి రొట్టెలు, తెల్లగా, పలచగా, పక్కన పప్పు. బాబాయికీ తనకూ వేరే గంపలోంచి తీసింది. అవి బూడిద రంగులో ఉన్నాయి, మధ్యమధ్య నల్లటి మచ్చలు. నావి పోయినేటి జొన్నలవట. ఎవరైనా వస్తే అని కుండలో కొన్ని దాచిందట. గంపలోవి ఈయేటివి.

నేను గంపకేసి చెయ్యి చాపాను. చిన్నమ్మ గంపను తన వెనక్కి జరుపుకుంది.

"అవి నీకు పడవు. కడుపుల నొస్తది."

"మీకు నొయ్యదా?"

"మాకు ఏడాదంత ఇవే గదా. అలవాటైతది."

లేచి గంపలోంచి ఒక రొట్టె లాక్కున్నాను. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. ముక్కిన వాసన, చేదు. నమిలాను. మింగడానికి నీళ్లు తాగాల్సి వచ్చింది. బాబాయి తల వంచుకుని తన రొట్టె తను తింటున్నాడు. చిన్నమ్మ నా చేతిలోంచి మిగిలిన సగం తీసుకుని తన పళ్లెంలో వేసుకుంది.