నా రెండు గంటల మత్తు లెక్క

నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత టీ పొలమారుతుంది. పోయిన శుక్రవారం పొద్దున్నే మా పుంగనూరు వీధిలో ఎనుము ఈనలేక అరుస్తోందని నలుగురు పరుగెత్తుకొచ్చారే, ఆ అరుపు ఎనుముది కాదు. నాదే!

నేను పశువుల ఆస్పత్రిలో అసిస్టెంట్‌ని. పేరుకు అసిస్టెంటే గానీ ఊళ్ళల్లో అందరూ "డాక్టరమ్మా" అనే పిలుస్తారు. పిలవగా పిలవగా నేనూ నమ్మేశాను. ఆ వారం బైరెడ్డిపల్లె దగ్గర ఒక జెర్సీ ఆవుకు సూది వేస్తుంటే అది కాలు జాడించింది. కుడి మణికట్టు విరిగింది. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోతే ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నారు.

గురువారం మధ్యాహ్నం ఆపరేషన్. మత్తు డాక్టరు పాపం ఓపికగా చెప్పాడు. "మెడ పక్కన నరాల దగ్గర సూది వేస్తామమ్మా, నెర్వ్ బ్లాక్ అంటారు. చెయ్యంతా మొద్దుబారిపోతుంది. చాలాసేపు పనిచేసే మందు, రేపు పొద్దున దాకా ఉంటుంది. కానీ పోయేటప్పుడు చెప్పి పోదు. నొప్పి ఉన్నా లేకున్నా రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర, పొద్దున లేస్తానే ఒక మాత్ర వేసుకోండి. నొప్పి మొదలైనాక వేసుకుంటే తట్టుకోలేరు."

నేను విన్నానా? విన్నాను. నవ్వాను కూడా! "నాకు తెలుసు సార్. దూడలకు కొమ్ములు కాల్చే ముందర నేనూ నరం చూసి సూది వేస్తాను కదా. రెండు గంటలు, అంతే!"

"అది వేరే మందమ్మా..." అంటున్నాడు ఆయన. నేను అప్పటికే మెడ తిప్పి పడుకున్నాను.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి. ఆమె కుప్పంలో మా బావగారింట్లో ఉంటుంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు. ఆమెకు ప్రాణమైన రెండు ఆవులకు పాలు పిండలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. అదే ఆస్పత్రిలో సోమవారం మోకాలి ఆపరేషన్‌కి రమ్మంటే, "కోసినాక వచ్చే నొప్పికి నేను తట్టుకోలేనమ్మా, ఇట్లే ఉండిపోతా" అని మొండికేసింది. ఆమెను ఒప్పించే పని మా ఆయన నా మీద పెట్టాడు. ఇంతకన్నా మంచి అవకాశం వస్తుందా? ఆపరేషన్ నాకే, చెయ్యి నాదే, నోరూ నాదే!

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అత్త బస్సెక్కి వచ్చి కూర్చుని ఉంది.

"నొప్పి ఎట్లుండాది రెడ్డెమ్మా?"

"యాడుండాదత్తా నొప్పి? ఇదో, ఈ వేలు గిల్లి సూడు. గట్టిగా గిల్లు!"

అత్త గిల్లింది. పక్కింటామె గిల్లింది. పరామర్శకని బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చిన ప్రతి ఒక్కరితోనూ గిల్లించాను. నా లెక్కలో మత్తు రెండు గంటలకే దిగిపోయింది, మిగతాదంతా నా ఒంటి గట్టిదనం! తినేటప్పుడు మెడపట్టీలోంచి చెయ్యి జారి పోయి పోయి సంగటి పళ్ళెంలో పడింది. అయినా నాకు అనుమానం రాలేదు. కట్టు బరువు అనుకున్నాను.

మా ఆయన మాత్ర తెచ్చాడు. "ఏసుకోమ్మే, డాక్టరు చెప్పినాడు కదా."

"గట్టిగా మాట్లాడొద్దు," అన్నాను. "మీ అమ్మ సూస్తాండాది. మాత్ర మింగితే నొప్పి ఉండాదనుకోదా?"

మాత్రలు ఫ్రిజ్ మీదికి చేరాయి. పొద్దున్న కూడా దిగలేదు.

శుక్రవారం ఏడున్నరకు కాఫీ తాగుతున్నాం. "సోమవారం పోదామా అత్తా?" అంటే, "సూస్తాం లే" అంది. అప్పుడే బొటనవేల్లో చీమలు పాకినట్టయింది. ఆ వెనకే మణికట్టులో ఎవరో స్క్రూలు బిగిస్తున్నట్టు మొదలైంది. నేను నవ్వుతూనే ఉన్నాను.

"యాలమ్మే అట్ల చెమటలు పడతాండాయి?"

"ఉక్కగా ఉండాది లే అత్తా..." అన్నాను. ఆ తర్వాత వచ్చింది మాట కాదు. వీధంతా వినబడిందే, అది!

మా ఆయన డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారమ్మా?" నేను గోడ వైపు చూశాను. "రెండూ ఫ్రిజ్ మీదనే ఉండాయి సార్!" అని అరిచాడు మా ఆయన. "సూది మత్తు దిగిపోయిందమ్మా," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు వేసుకోండి. ఎక్కడానికి టైం పడుతుంది. చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టుకోండి," అన్నాడు.

ఆ గంటసేపు నరకం చూశాను. కానీ చేతి నొప్పి కంటే, అవతల గదిలో అత్త సంచి సర్దుకోవడం కనబడి ఎక్కువ బాధేసింది. అయిపోయింది, కుప్పం బస్సెక్కేస్తుంది, నా గొప్పలకు ఆమె మోకాళ్ళు బలి! నొప్పి కొంచెం తగ్గగానే ఏడుపు గొంతుతో పోయాను. "పోవద్దత్తా. తప్పు నాది, ఆ మందుది కాదు."

"యాడికి పోతాననుకుంటివి? సోమవారం ఆస్పత్రికి చీరలు సర్దుతాండా."

నేను సంచిలోకి తొంగి చూశాను.

"నిన్న నువ్వు చెప్పింది ఒక్క ముక్క నమ్మలేదమ్మా. నాకు ధైర్యం చెప్పేదానికి అబద్ధాలాడతాండావు అనుకుంటి. ఈ పొద్దు నువ్వు అరిసినాక నమ్మితి. అంత నొప్పిని ఒక సూది తెల్లారేదాకా ఆపిందంటే, అది మామూలు మందు కాదు. నాకూ అదే ఏపిచ్చుకుంటా." ఇంకో చీర మడిచి పెట్టింది. "కాకపోతే ఆస్పత్రిలో నా కాడ నా కొడుకు ఉంటాడు. నువ్వు కుప్పం పో, నా ఆవుల్ని సూసుకో."

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. నేను కుప్పంలో తోడికోడలు పాలు పిండుతుంటే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం అత్త మంచం మీది నుంచే ఫోన్ చేసింది, గొంతు ఖంగుమంటోంది.

"నొప్పి లేదమ్మా. అయినా డాక్టరు చెప్పిన టైముకు మాత్ర ఏసుకుంటి. నువ్వేసుకుంటివా?"

గడియారం చూశాను. అప్పటికే ఇరవై నిమిషాలు లేటు!