ఫౌజు కాగితంలో లేని బిడ్డ

యుద్ధాల మీద గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలు నేను చాలానే చదివాను. ఏ దళం ఏ కొండను ఎటు నుంచి ఎక్కిందో, ఏ సేనాపతి ఏమని ఆజ్ఞ ఇచ్చాడో అన్నీ వాటిలో ఉంటాయి. ఫౌజు నుంచి ఇంటికి వచ్చిన ఒక సిపాయి తన బిడ్డ చదువు కోసం ఏ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కాడో మాత్రం ఎక్కడా కనబడలేదు. వెతికాను కనుకనే చెబుతున్నాను. మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని రాసి పెడుతున్నాను.

లాల్‌దర్వాజా గుడి వెనక గల్లీలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. బాపు పదిహేనేళ్ళు సిపాయిగా పనిచేసి నాయక్ హోదాలో బయటికి వచ్చాడు. పేరు ఇంకా రిజర్వులో ఉండేది. అంటే ఇంట్లో ఉన్నా, పిలుపు వస్తే మూట కట్టుకుని పోవలసిందే. డెబ్బై ఒకటిలో పిలిచారు, పోయాడు, మరుసటి ఏడు తిరిగివచ్చాడు. ఆ తర్వాత ఒక నూనె గోదాముకు కాపలా ఉద్యోగం. కాపలా అయినా సరే, చొక్కా మడత చెదిరేది కాదు, బూటు మెరుపు తగ్గేది కాదు.

నాకు బడి ఏడో తరగతితో ఆగిపోయింది. అమ్మ మంచాన పడితే వంటపని నా మీద పడింది. మధ్యాహ్నం గిన్నెలు తోమి శాఖా గ్రంథాలయానికి పోయేదాన్ని. అక్కడ ఆడవాళ్ళకని గోడ పక్కన ఒక బల్ల వేసి ఉండేది. చాలా రోజులు దాని దగ్గర నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. కోళ్ళ పెంపకం, గ్రహణాలు, చైనా చరిత్ర, రైళ్ళ వేళల పట్టిక, ఏది చేతికొస్తే అది చదివాను. గ్రంథపాలకుడు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన పెద్దమనిషి. "ఏవమ్మాయ్, బీరువా ఎడం వైపు అయిపోయిందా? కుడి వైపు తాళం తియ్యమంటావా?" అని వేళాకోళం చేసేవాడు. ఆయన తెచ్చిపెట్టిన పాఠ్యపుస్తకాలతోనే ఇంట్లో చదువుకుని మెట్రిక్ పాసయ్యాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ సిగ్గు లేదు, గర్వమే.

మెట్రిక్ పాసైన ఏడు వేసవిలో ఆ బల్ల మీదే పత్రికలో ఒక ప్రకటన చూశాను. ఆడవాళ్ళ ఉపాధ్యాయ శిక్షణలో సిపాయిల, మాజీ సిపాయిల బిడ్డలకు కొన్ని సీట్లు. సైనికుల బోర్డు నుంచి సర్టిఫికెట్ తేవాలి. గడువు నెల రోజులు. నా మార్కులతో మామూలు సీటు వచ్చేది కాదు. పంతులమ్మను కావడానికి నాకున్న దారి అదొక్కటే.

బాపు ట్రంకుపెట్టెలోంచి డిశ్చార్జి బుక్కు తీశాడు. ఇద్దరం బోర్డు ఆఫీసుకు పోయాము. అక్కడ కాగితాలు చూసేది రిటైరైన ఒక సుబేదారు. ఆయన బుక్కు తిరగేసి, కళ్ళద్దాల మీంచి నన్ను చూశాడు.

"భార్య ఒకరు అని ఉన్నది. ఔలాద్ ఎవరూ లేరని ఉన్నది. మరి ఈ పిల్ల ఎవరు, నాయక్?"

బాపు మడమలు కలిపి నిలబడ్డాడు. "నా బిడ్డనే సాబ్."

"మరి ఎందుకు రాయించలే?"

"అప్పటికే అమ్మినం సాబ్."

పక్కన టైపు కొడుతున్నతను చెయ్యి ఆపేశాడు. సుబేదారు లేచి నిలబడ్డాడు. "ఏమన్నవ్?"

"పుట్టిన మూడో దినం పక్కింటామెకు అమ్మినం సాబ్. చేటెడు తవుడుకు."

సుబేదారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఊర్ల గూడ తవుడుకు అమ్ముడువోయినోళ్ళు ఇద్దరున్నరు. వాళ్ళ నాయిన్లు ఫౌజుల లేరు, నా నసీబు మంచిది!"

ఈ ఆచారం తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అట్లాంటి ఇంట్లో మూడో బిడ్డ పుడితే, చావు కన్ను పడకుండా, ఆ బిడ్డ మీద తమకు మమకారం లేనట్టు, పక్కింటివాళ్ళకు తవుడుకో నూకలకో అమ్మేస్తారు. బిడ్డ అదే ఇంట్లో పెరుగుతుంది గానీ, మాట వరసకు కొన్నవాళ్ళదే. మళ్ళీ పెళ్ళినాడు తిరిగి కొనుక్కోవాలి. నన్ను కొన్నది గోడ అవతలి ముస్లిం ఆమె, నేను ఖాలా అని, అంటే పిన్నమ్మ అని, పిలిచేదాన్ని. లక్క గాజులకు అద్దం ముక్కలు అతికి బతికేది. భర్త లేడు, పిల్లలు లేరు.

నేను పుట్టినప్పుడు సెలవు మీద వచ్చిన బాపు తిరిగి యూనిట్‌కు పోయాక, కంపెనీలో కాగితాలు రాసే రైటర్ అందరినీ అడిగినట్టే పిల్లలెందరని అడిగాడట. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా అప్పుడే రాయించుకోవాలి. అక్కడి నుంచి ఆ ముక్క రికార్డు ఆఫీసుకు పోతుంది. బాపు అబద్ధమాడే మనిషి కాదు. అమ్మిన బిడ్డను తన బిడ్డగా సర్కారు పుస్తకంలో రాయిస్తే బేరం చెడుతుంది, బిడ్డ దక్కదు. కనుక లేరని చెప్పాడు. తర్వాత పదేళ్ళూ అదే చెప్పాడు.

సుబేదారు నవ్వు ఆపి దారి చెప్పాడు. బాపు అఫిడవిట్ ఇవ్వాలి. పుట్టినప్పుడు దగ్గరున్న, తల్లిదండ్రులు కాని మనిషి బయాను, అంటే వాంగ్మూలం, ఇవ్వాలి. రెండూ రికార్డు ఆఫీసుకు పోయి, అక్కడ నా పేరు ఎక్కితే సర్టిఫికెట్ వస్తుంది. మంత్రసాని ఎప్పుడో చనిపోయింది. ఆనాడు దగ్గరున్నది ఖాలా ఒక్కతే.

ఇంటికి వచ్చి బాపు డిశ్చార్జి బుక్కు మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టాడు. పెట్టి అన్నాడు: "ఖాలాను అడగొద్దు బిడ్డా. కొన్నామెతోనే నా బిడ్డ కాదనిపిస్తే బేరం ఇరిగినట్టే. ఇంకో ఏడాదిల పెండ్లి చేస్త, ఆనాడు తిరిగి కొనుక్కుంటం, అప్పుడు రాయిద్దాం."

"పెండ్లయినంక సీటిస్తరా బాపూ?"

"నువ్వు బతికుంటే సాలు. సీటు గీటు నాకొద్దు."

యుద్ధానికి రెండుసార్లు పోయివచ్చిన మనిషి భయపడగా అప్పుడే చూశాను. కోపం వచ్చింది. మర్నాడు నేనే ఖాలా ఇంటికి పోయాను. ఆమె నా మాట పూర్తిగా విననే లేదు.

"కైకూ రే బేటీ, ఎందుకు? ఇరవై ఏండ్ల సంది గల్లీ అంతా నా బేటీ అని చెప్పుకున్న. ఇప్పుడు కాదని కాగితం మీద రాసియ్యాల్నా? నక్కో, రాసియ్య!" అని గాజుల పని ముందేసుకుంది.

గ్రంథపాలకుడికి చెప్పుకున్నాను. ఆయన దరఖాస్తుల నమూనాల పుస్తకం తీసి ఇచ్చాడు. "ఆవిడ్ని ఏం అడుగుతున్నారమ్మాయ్? తల్లివి కాదని చెప్పమనా, కళ్ళతో చూసింది చెప్పమనా? రెండోది చాలదూ?" అన్నాడు.

మూడు రోజులు ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశాను. చిన్నప్పటి నుంచి అమ్మ చెప్పగా విన్నదాన్ని, ఖాలా చూసింది చూసినట్టు రాశాను. ఆ రోజు కురిసిన వాన, ఖాలా నీళ్ళు కాచడం, బొడ్డు కోసేటప్పుడు దీపం పట్టుకోవడం, కన్నది ఎవరన్నది. నాలుగో రోజు ఆమె ముందు కూర్చుని ఉర్దూలో అర్థం చెబుతూ చదివాను. బాపు గడప బయట, వినీ విననట్టు నిలబడ్డాడు.

"ఇందుల నేను నీ అమ్మను కానని ఉన్నదా?" అంది ఖాలా.

"లేదు ఖాలా."

"నీళ్ళు కాచింది రాసినవ్. మూడు నెలలు నూనె రాసి స్నానం చేయించింది ఎవరు? అది ఏది?"

రాశాను.

"చేచక్ వచ్చినప్పుడు, అమ్మవారు పోసినప్పుడు, వేపమండలు పట్టుకుని పక్కన కూచున్నదెవరు? రాయి."

అదీ రాశాను. ఒక పేజీ బయాను మూడు పేజీలయింది. అప్పుడు బాపు గడప మీదికి వచ్చాడు. "ఆపా, బేరం అట్లనే ఉన్నట్టే గద?"

"ఫికర్ చేయకు భాయ్. నా తవుడు నువ్వు వాపస్ ఇచ్చినవా? బేరం పక్కా." కలం అందుకుని ఉర్దూలో తన పేరు నిదానంగా రాసింది. ఆమెకు సంతకం వచ్చని నాకు ఆనాటిదాకా తెలియదు.

సుబేదారు మూడు పేజీలూ చదివాడు. "ఇది బయానా, పిల్లల్ని పెంచే పుస్తకమా?" అని, ఒక్క ముక్క కొట్టేయకుండా పైకి పంపాడు.

జవాబు గడువులోగా రాలేదు. ఆ ఏటి సీట్లు నిండిపోయాయి. నేను ఏడుస్తుంటే సుబేదారు కసిరాడు. "ఏడిస్తే కాగితం జల్ది వస్తదా? వారానికి రెండు దినాలు ఇక్కడికి రా. తెలుగు రాసేటోళ్ళు లేక నా పానం పోతున్నది."

ఆ ఏడాది నేర్చుకున్నది ఏ బీరువాలోనూ దొరకదు. జహనుమా నుంచి, జల్‌పల్లి నుంచి సిపాయిల భార్యలు వచ్చేవాళ్ళు. ఒకామె రెండో కొడుకు పేరు ఎక్కలేదు, ఒకామె పెళ్ళే ఎక్కలేదు. వాళ్ళకు ఫారాలు నింపాను. తర్వాత వాళ్ళచేతే నింపించాను. బిడ్డ పుడితే యూనిట్‌కు ఉత్తరం ఎట్లా రాయాలో వరండాలో పలక మీద నేర్పాను. "నువ్వు పంతులమ్మవా?" అని ఒకామె అడిగింది. "ఇంకా కాలేదక్కా" అన్నాను.

మరుసటి వేసవికి ముందే రికార్డు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. 'కూతురు, ఒకరు' అని నా పేరుతో సహా ఎక్కింది. బాపు ఆ కాగితం చేత్తో పట్టుకుని నా నుదురు తాకి చూశాడు, జ్వరం ఉందేమోనని. లేదు. రెండో రోజూ చూశాడు. వారం అయ్యాక దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. జూలైలో నేను శిక్షణ క్లాసులో కూర్చున్నాను.

పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పుకోవడం పద్ధతి. కానీ వీళ్ళలో ఎవరి అనుమతీ అడిగే వీలు ఇప్పుడు లేదు. అందుకని నేను పిలిచిన పిలుపులతోనే చెప్పుకుంటాను. భయపడుతూనే సంతకం పెట్టిన బాపుకు. ఒక పేజీని మూడు చేసిన ఖాలాకు. కుడి వైపు బీరువా తాళం తీసిన గ్రంథాలయం సారుకు. కసిరి పని ఇచ్చిన సుబేదారు సాబుకు. వరండాలో నా చేత అక్షరాలు దిద్దించుకున్న అక్కలకు. ఎక్కడో దూరాన, మూడు పేజీల తెలుగు బయాను ఎవరిచేతనో చదివించుకుని, కొట్టిపారేయకుండా ఆ ఒక్క వరస రాసిన, నేనెన్నడూ చూడని ఆ గుమాస్తాకు.