ఆఖరి మోత

ఎనభైల్లో ఒక పొద్దున దుమ్ముగూడెం బస్సులో నా పక్కన కూర్చున్న తాత ఒళ్లో గోనెపట్టా చుట్టిన పొడుగాటి వస్తువుంది. గొడుగనుకున్నాను. కండక్టరుకు అంత నమ్మకం కుదరలేదు.

"గదేంది తాతా?"

"భర్మారు తుపాకి. ఠాణాల అప్పజెప్పమన్నరు."

గొట్టం మూతిలోంచి మందూ గుండ్లూ కూరి పేల్చే పాతకాలపు తుపాకి. వాళ్ల నాయన ఒక దూడనిచ్చి కొన్నాడట. అడవిపందుల నుంచి జొన్నచేనును కాపాడేది అదొక్కటే.

డిగ్రీ చదివినవాణ్ని కనుక ఊరుకోలేక, నాలాంటివాడు నేర్చుకోవడం కష్టమా అని అడిగాను.

"ఒక్క పూటల వస్తది సారూ. మందు పొయ్యాలె, గుడ్డ కుక్కాలె, గుండ్లెయ్యాలె. గంతే. నింపినంక తీసుడు కష్టం, పేల్చుడే."

"ఇప్పుడు నింపి ఉందా?"

"అవ్. నిన్న పందులు రాలె."

కండక్టరు ఈల వేయకముందే డ్రైవరు బస్సాపాడు. "దిగి పేల్చి రా తాతా, జల్దీ!"

తాత దిగి, టేకుచెట్ల మీదికి ఎత్తి పేల్చాడు. తెల్లటి పొగ అతన్ని నెమ్మదిగా మాయం చేసి, అంతే నెమ్మదిగా తిరిగిచ్చింది. నాలుగు టేకాకులు తొందరేమీ లేకుండా రాలాయి.

వచ్చి కూర్చుని, ఖాళీ తుపాకిని పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు మళ్లీ చుట్టాడు.

"గిదే ఆఖరిది. మా చేన్ల పందులకు ఇనవడ్డదంటవా సారూ?"

వాళ్ల ఊరు దాటి గంటసేపయింది.

"ఇనవడ్డది తాతా," అన్నాను.

అతను తలూపి, కళ్లు మూసుకున్నాడు. చదువుకున్నన్నాళ్లూ చాలా ప్రశ్నలకు జవాబులు రాశాను. మార్కులు పడాల్సింది మాత్రం ఆ ఒక్క జవాబుకే.